జీబ్రా చేపలు: ట్యాంక్ సెటప్ నుంచి గుడ్లు, పిల్లల దాకా ఇంట్లోనే ఎలా పెంచాలి

అక్వేరియం షాపుకెళ్లి "అన్నా, తొందరగా చావని చేపేదైనా ఇవ్వు" అంటే గప్పీలతో పాటు చూపించేది ఈ జీబ్రానే. తల వెనక నుంచి తోక చివరిదాకా నీలం చారలు, సైజు మహా అయితే 4 సెంటీమీటర్లు, రేటు కూడా పెద్దగా ఉండదు. చాలామంది దీంతో మొదలుపెట్టి ఆరు నెలలయ్యాక ఏ ఆస్కార్ చేపో కొనుక్కుని దీన్ని మర్చిపోతారు. నన్నడిగితే అసలు మజా చూడకుండానే వదిలేసినట్టు. ఈ చేపతో మజా అది ఈదుతున్నప్పుడు కాదు, గుడ్డు పెట్టాక వచ్చే మొదటి 24 గంటల్లో ఉంటుంది. గుడ్డు పెంకు పారదర్శకం, లోపల ఒక్క కణం రెండవడం, కళ్లు రావడం, గుండె కొట్టుకోవడం అంతా పిల్లల స్కూల్ మైక్రోస్కోప్‌లో కూడా తెలిసిపోతుంది. ప్రపంచంలో ఇన్ని ల్యాబులు దీన్ని పట్టుకోడానికి పెద్ద కారణం కూడా అదే. అందుకే ఈ గైడ్‌లో ట్యాంక్ దగ్గర ఆగట్లేదు, గుడ్లు పెట్టించి పిల్లల్ని పెద్ద చేసేదాకా చెప్తా.

ఈ చేప ఎక్కడిదో ముందు తెలుసుకోండి, పెంపకం సగం అందులోనే ఉంది

డానియో రేరియో దీని శాస్త్రీయ నామం. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ డాక్టర్ గంగ, దాని ఉపనదుల్లోని చేపల గురించి రాస్తూ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అంటే ఇది ఏ అమెజాన్ నుంచో వచ్చింది కాదు, ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్ నీళ్లలో పుట్టిన మన చేపే. వరి మళ్ల పక్కన పిల్లకాలవలు, మెల్లగా పారే వాగులు, వానాకాలంలో నిండే గుంటలు, ఇవీ దీని అడ్డాలు. చలికాలం చల్లటి నీళ్లు, ఎండాకాలం వేడి నీళ్లు రెండూ చూసిన జాతి కాబట్టి టెంపరేచర్ అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. ఇంకోటి, గుడ్లు పెట్టేది లోతు తక్కువున్న చోట, తెల్లారుజామున. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ల్యాబ్ కథ కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తా. అమెరికాలో ఓరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్ అనే ఆయన ఈ చేప మీద ఏళ్ల తరబడి పనిచేసి 1981లో దీని క్లోన్లు తయారుచేసి చూపించాడు. 1990ల్లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో నోబెల్ విజేత క్రిస్టియానే న్యూస్లైన్ ఫోల్హార్డ్ టీమ్, అటు బోస్టన్‌లో ఇంకో టీమ్ కలిపి వేల మ్యుటెంట్లని, అంటే జన్యువుల్లో మార్పు వచ్చిన చేపల్ని, వెతికి పట్టుకున్నారు, ఆ పేపర్లు 1996లో ఒకేసారి వచ్చాయి. 2013లో పూర్తి జీనోమ్, అంటే దీని మొత్తం జన్యు సమాచారం, బయటపెట్టినప్పుడు మనిషి జన్యువుల్లో 70 శాతం దాకా ఈ చేపలో జోడీ ఉందని తేలింది. మన దగ్గర ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ వాళ్లు 2009లోనే వాగుల్లో సహజంగా దొరికే రకం జీబ్రా చేప జీనోమ్ చదివారు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో కూడా దీని మీద పని జరుగుతుంది. మన ఇంట్లో జరిగేది చూడ్డం వరకే, మందులూ రసాయనాలూ పోసి "ప్రయోగాలు" చేద్దామనుకుంటే ఇక్కడితో చదవడం ఆపేయండి.

ట్యాంక్

గాజు బౌల్ వద్దు. గిఫ్ట్ షాపుల్లో గుండ్రంగా ముద్దుగా ఉంటాయే, అవి ఈ చేపకి జైలు. ఇది ఒక్క చోట ఉండదు, పొద్దున లైట్ వేసింది మొదలు ఆ చివర నుంచి ఈ చివరకి పరుగే, అందుకని ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. రెండడుగుల ట్యాంక్ తీసుకోండి, అంటే 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. కాస్త ఖాళీ వదిలి నింపితే 45 నుంచి 50 లీటర్లు పడతాయి, గాజు, ఇసుక కలిపి 60 కిలోలు దాటుతుంది కాబట్టి ప్లాస్టిక్ స్టూల్ మీదా, టీవీ స్టాండ్ మీదా పెట్టకండి.

మూత తప్పనిసరి, ఎందుకంటే ఇవి ఎగురుతాయి. ఫిల్టర్ పైపు దూరే సందు ఉంటుంది చూడండి, అందులోంచి కూడా పోతాయి, అక్కడ స్పాంజ్ ముక్క కుక్కేయండి. ఫిల్టర్‌కి మామూలు స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్ చాలు, వందల రూపాయల్లో అయిపోతుంది, పవర్ ఫిల్టర్ల ధార వీటికి అవసరం లేదు. అడుగున ముదురు రంగు సన్న గులకరాళ్లు వేస్తే చారలు బాగా ఎలివేట్ అవుతాయి, తెల్ల రాళ్ల మీద చేప పాలిపోయి కనిపిస్తుంది. మొక్కలంటే వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటి మొండివి వేసుకోండి. హార్న్‌వర్ట్ సంగతొచ్చింది కాబట్టి చెప్తున్నా, 2024లో చైనా వాళ్లు తమ స్పేస్ స్టేషన్‌కి నాలుగు జీబ్రా చేపల్ని పంపినప్పుడు ఆక్సిజన్ కోసం తోడిచ్చింది ఆ మొక్కనే.

నీళ్లు

మెజారిటీ చేపలు చచ్చేది ఇక్కడే, రోగాలొచ్చి కాదు. మున్సిపల్ నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదంటే బకెట్లో పట్టి ఒక రోజంతా గాలి రాయి (ఎయిర్ పంప్ గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టి వదిలేయండి. అయితే సప్లైలో క్లోరమైన్ కలిపి ఉంటే అది ఇలా ఒకట్రెండు రోజులుంచితే పోదు, దానికి చుక్కలే గతి. బోరు నీళ్లయితే క్లోరిన్ గొడవ లేదు గానీ మన తెలంగాణ, రాయలసీమ బోర్లలో గట్టి నీళ్లు ఎక్కువ, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ 1000 దాటి చూపిస్తే ఆర్వో నీళ్లు సగానికి సగం కలుపుకోండి. 500 లోపయితే ఏమీ చేయకండి, జీబ్రాలు కాస్త గట్టి నీళ్లే ఇష్టపడతాయి. మినరల్ వాటర్ క్యాన్ తెచ్చి మొత్తం అదే పోసేవాళ్లున్నారు, అది మాత్రం తప్పు, అందులో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ ఎప్పుడు పడిపోతుందో తెలీదు. పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉంటే దాన్ని కెలక్కండి.

ఇక ట్యాంక్ సైక్లింగ్. చేప విసర్జించేది అమ్మోనియా, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కొంచెం ఉన్నా పర్లేదు. ఈ బ్యాక్టీరియా స్పాంజ్‌లో సెటిల్ అవ్వడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోపు చేపలు వేయకుండా రోజూ చిటికెడు చేప మేత వేస్తూ ఫిల్టర్ నడపాలి. "అన్ని రోజులు ఖాళీ ట్యాంక్ ఎవడు చూస్తాడండీ" అంటారు, నిజమే, కానీ దానికి షార్ట్‌కట్ ఒక్కటే ఉంది: ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంక్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకుని వాళ్ల పాత స్పాంజ్ అడిగి తెచ్చుకోవడం. దాన్ని తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌కి పెడితే పని చాలా తొందరగా అయిపోతుంది. ఏదైనా సరే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఇంకో మాట, పీహెచ్ ఎక్కువుంటే అదే అమ్మోనియా ఇంకా ప్రమాదం, కాబట్టి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ల వాళ్లు ఇక్కడ అస్సలు తొందరపడొద్దు.

ఆ తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చడమే. స్పాంజ్‌ని నల్లా కింద కడిగారంటే బ్యాక్టీరియా పోయి మళ్లీ మొదటికొస్తుంది, ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండండి.

టెంపరేచర్ 22 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, ల్యాబుల్లో 28.5 దగ్గర పెడతారు. విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల మామూలుగా ఉంచుకోడానికి హీటర్ కొనాల్సిన పనిలేదు. మనకి అసలు సమస్య మే నెల. నీళ్లు 32 దాటితే చేప వేడికి కాదు, ఆక్సిజన్ తగ్గి ఇబ్బంది పడుతుంది, పైకొచ్చి నోరు తెరుస్తుంటే అర్థం అదే. గాలి రాయి ఇంకోటి వేయండి, మూత తీసి దోమతెర కట్టి ఫ్యాన్ గాలి నీళ్ల మీద తగిలేలా పెట్టండి. ఐస్ ముక్కలు డైరెక్ట్‌గా వేయకండి, బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి దాన్ని తేలేయండి. కరెంట్ పోయే ఏరియా అయితే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి దగ్గరుంచుకోండి.

చేపలు కొనడం

రెండు చేపలు ఇవ్వమని అడక్కండి. ఇది గుంపు చేప, ఆరుకి తగ్గితే ఒకదాన్నొకటి తరిమి కొరుక్కుంటాయి. 8 నుంచి 10 తీసుకోండి, కుదిరితే ఆడవి ఎక్కువ ఉండేలా. షాపులో పదినిమిషాలు నిలబడి చూడండి: కడుపు లోపలికి పోయి, వెన్ను వంకరై, గుంపుకి దూరంగా మూల నిలబడ్డ చేప ఒక్కటి కనిపించినా ఆ ట్యాంక్‌లో ఏదీ కొనొద్దు. వెన్ను వంగడం, చిక్కిపోవడం చేపల టీబీ లక్షణాలు, అదే జాతి బ్యాక్టీరియాల్లో కొన్ని మన చేతికి గాయం ఉంటే చర్మానికి కూడా అంటుకుంటాయి. అందుకే చేతికి కోత ఉన్నప్పుడు ట్యాంక్‌లో చేయి పెట్టకండి.

మచ్చలుండే లెపర్డ్ డానియో, పొడుగు రెక్కల లాంగ్‌ఫిన్, గోల్డెన్, ఇవన్నీ వేరే జాతులు కాదు, ఒకే చేపలో రకాలు, కలిపి పెంచొచ్చు. పింక్, పచ్చ, ఆరెంజ్ రంగుల్లో మెరిసేవి కూడా షాపుల్లో కనిపిస్తాయి. 1999లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో జెల్లీఫిష్ జన్యువు ఎక్కించి మెరిసే జీబ్రాల్ని చేశారు, అమెరికాలో వాటిని అమ్ముతారు. మన దగ్గర జన్యుమార్పిడి జీవుల్ని తెచ్చి అమ్మాలంటే 1989 నాటి రూల్స్ కింద ప్రభుత్వ అనుమతి ఉండాలి, షాపతన్ని ఆ కాగితం చూపించమంటే నవ్వి ఊరుకుంటాడు. వదిలేయండి, చారల జీబ్రా అందం దానికి లేదు.

ఇంటికి తెచ్చాక కవర్‌ని 20 నిమిషాలు ట్యాంక్ నీళ్ల మీద తేలనిచ్చి, కొంచెం కొంచెం ట్యాంక్ నీళ్లు కలిపి, చేపల్ని వలతో తీసి వదలండి. కవర్‌లో నీళ్లు సింక్‌లోకే. ఆల్రెడీ వేరే చేపలుంటే కొత్తవాటిని రెండు మూడు వారాలు విడిగా, విడి వలతో ఉంచండి. ఫైటర్, ఏంజెల్ లాంటి పొడుగు రెక్కలవాటితో కలపొద్దు, వీటి పరుగుకి వాటికి మనశ్శాంతి ఉండదు, రెక్కలూ కొరుకుతాయి.

మేత

జీబ్రా చేపకి జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. కాబట్టి ఒకేసారి గుప్పెడు వేస్తే వృథా, కొద్దికొద్దిగా రోజుకి రెండు మూడు సార్లు, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత. పొద్దున ఫ్లేక్స్ వేళ్లతో నలిపి వేయండి, వారంలో రెండు మూడు రోజులు ఎండబెట్టిన బ్లడ్‌వర్మ్స్ (ఎర్ర పురుగులు) గానీ, ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే చిట్టి రొయ్యల్లాంటివి) గానీ. దోమ లార్వాలు కనిపిస్తే ఇంకేం కావాలి, వాటి మీద పడి తింటాయి, అయితే మురికి కాలవ నీళ్లలోవి కాకుండా వాన నీళ్ల బకెట్లోవి వడగట్టి వేయండి.

గుడ్లు పెట్టించడం

మూడు నెలలు దాటిన చేప రెడీ. ఆడదాన్ని పైనుంచి చూస్తే పొట్ట గుండ్రంగా, వెండి రంగులో ఉంటుంది, మగది సన్నగా ఉండి చారల మధ్య, కింది రెక్క మీద పసుపు ఛాయ ఉంటుంది. ఒకటీ రెండు చూస్తే కన్‌ఫ్యూజ్ అవుతారు, పది చేపల్ని పక్కపక్కన చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

ట్యాంక్‌లో ఇవి ఎలాగూ గుడ్లు పెడుతూనే ఉంటాయి, మనకి కనబడవు, ఎందుకంటే గుడ్డు కిందపడే లోపే వాళ్లే తినేస్తారు. కన్నతల్లి అనే మొహమాటం లేదు. కాబట్టి గుడ్లు పడగానే చేపలకి అందకుండా చేయాలి. ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి, లోపలి డబ్బా అడుగు కోసేసి 3 మిల్లీమీటర్ల రంధ్రాలున్న ప్లాస్టిక్ జాలీని అక్వేరియం సిలికాన్‌తో అతికించి రెండ్రోజులు ఆరనివ్వండి. గుడ్డు మిల్లీమీటర్ అటూ ఇటూ ఉంటుంది కాబట్టి జారి కిందకి పోతుంది, చేప పోలేదు. డబ్బా చేసే ఓపిక లేకపోతే చిన్న ట్యాంక్ అడుగున గోళీలు రెండు వరసలు పరవండి, గుడ్లు సందుల్లో పడతాయి, పనవుతుంది గానీ తర్వాత ఏరుకోవడం చిరాకు.

వారం పది రోజులు ఆడ, మగ విడివిడిగా పెట్టి మంచి మేత వేయండి. తర్వాత ఒక సాయంత్రం డబ్బాలో ట్యాంక్ నీళ్లే పోసి, 26 నుంచి 28 డిగ్రీలు ఉండేలా చూసి, మధ్యలో ఒక అడ్డు పెట్టి ఒక వైపు రెండు ఆడవి, ఇంకో వైపు ఒకటో రెండో మగవి వేయండి. ప్లాస్టిక్ మొక్క ఒకటి పెట్టండి. ఇప్పుడు చీకటి కావాలి, నిజమైన చీకటి. ల్యాబుల్లో 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి అని లెక్కగా పెడతారు, మన ఇంట్లో రాత్రి ఒంటిగంటకి ఎవరో లైటేస్తారు, ఫ్రిజ్ తలుపు తీస్తారు, కిటికీలోంచి వీధిలైటు పడుతుంది, పొద్దున చూస్తే గుడ్లుండవు. నల్ల గుడ్డ కప్పేయండి.

పొద్దున గుడ్డ తీయండి, అడ్డు తీయండి, లోపలి డబ్బాని ఒక పక్క కొంచెం ఎత్తి వాలుగా పెట్టండి. ఒక చివర నీళ్లు రెండు మూడు సెంటీమీటర్లే ఉండాలి, ఇందాక చెప్పిన కాలవ ఒడ్డు లోతన్నమాట. ఇక మగది ఆడదాని పక్కకి చేరి పొట్టని ముక్కుతో పొడుస్తూ ఆ లోతు తక్కువ చోటుకి తోస్తుంది, ఇద్దరూ ఒక్క క్షణం వణుకుతారు, గుడ్లు రాలతాయి. గంటా రెండు గంటల్లో అయిపోతుంది, అది అవగానే చేపల్ని తీసేయండి. బాగుంటే ఒక ఆడ చేప 100 నుంచి 300 దాకా పెడుతుంది. మొదటి రోజు పెట్టకపోతే మళ్లీ రాత్రి అలాగే ఉంచి చూడండి, అప్పటికీ లేకపోతే తిరిగి ట్యాంక్‌లో వేసి వారం ఆగండి.

ఆ 24 గంటలు

గుడ్ల నీళ్లని టీ వడకట్టుతో వడగట్టి, శుభ్రమైన 28 డిగ్రీల నీళ్లలో కడిగి, పెద్ద గాజు గిన్నెలో 50కి మించకుండా వేయండి. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే నీలం మందు కలపండి, నీళ్లు లేత ఆకాశం రంగుకొస్తే చాలు. తెల్లగా పాలలా మారినవి చచ్చినవి, డ్రాపర్‌తో ఎప్పటికప్పుడు తీసేయాలి, లేకపోతే పక్కవాటినీ పాడుచేస్తాయి.

ఇప్పుడు గుంట ఉన్న స్లయిడ్ మీద ఒక చుక్క నీళ్లలో రెండు గుడ్లు వేసి, కవర్ స్లిప్ లేకుండా, మైక్రోస్కోప్‌లో అన్నిటికన్నా తక్కువ లెన్స్ పెట్టి చూడండి. ఉదయం 7 గంటలకి గుడ్డు పడిందనుకుందాం. పచ్చసొన బంతి మీద చిన్న బొడిపెలా ఒక కణం ఉంటుంది. 7:45కి ఆ బొడిపె మధ్యలో గీత పడి రెండవుతుంది, కళ్ల ముందే. అక్కడి నుంచి సుమారు 15 నిమిషాలకోసారి నాలుగు, ఎనిమిది, పదహారు. కాఫీ తాగి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. 10 గంటలకి వెయ్యి కణాల ముద్ద. మధ్యాహ్నం 12 దాటాక ఆ ముద్ద టోపీలా కిందకి జారుతూ పచ్చసొనని సగం కప్పేస్తుంది. సాయంత్రం 5కి తల ఏ పక్కో, తోక ఏ పక్కో తెలుస్తుంది, ఆ తర్వాత వీపు పొడవునా కండరాల దిమ్మెలు ఒక్కొక్కటిగా పేరుకుంటూ పోతాయి. అర్ధరాత్రి దాటాక తోక ఉన్నట్టుండి తన్నడం మొదలవుతుంది. మర్నాడు ఉదయం 7కి చూస్తే కళ్ల గిన్నెలు, వాటి కింద పచ్చసొన ముందుభాగంలో చిన్న గొట్టం లాంటిది టిక్ టిక్‌మని ముడుచుకుంటూ ఉంటుంది, అదే గుండె. కాసేపటికి దాంట్లోంచి రక్త కణాలు పరుగెత్తడం కూడా చూడొచ్చు. ఈ టైమింగ్ అంతా 28.5 డిగ్రీల లెక్క, మీ గది 25 ఉంటే కొన్ని గంటలు వెనకబడుతుంది, కంగారుపడకండి.

ఈ గుండెకి ఇంకో గొప్ప కూడా ఉంది. 2002లో అమెరికా శాస్త్రవేత్తలు పెద్ద చేప గుండె జఠరికలో (రక్తాన్ని బయటికి తోసే గదిలో) 20 శాతం దాకా కోసేస్తే రెండు నెలల్లో అది మళ్లీ పెరిగింది. మనకి గుండెపోటొస్తే మిగిలేది మచ్చ మాత్రమే.

పిల్లలు

రెండో రోజు, మూడో రోజు మధ్య పెంకు చీల్చుకుని బయటికొస్తాయి. కనురెప్ప వెంట్రుకలా గిన్నె గోడకి అతుక్కుని ఉంటాయి, చచ్చాయనుకుని పారబోయకండి. నాలుగైదు రోజులకి పైకొచ్చి గాలి మింగి ఈత తిత్తి నింపుకుంటాయి, అప్పుడు అడ్డంగా ఈదడం మొదలెడతాయి. పచ్చసొన అప్పటిదాకా సరిపోతుంది, మేత ఐదో రోజు నుంచే.

ఈ మేత దగ్గరే మెజారిటీ పిల్లలు పోతాయి, ముఖ్యంగా రెండో వారంలో. నోరు అంత చిన్నది, పొడి మేత పట్టదు. అందుకే గుడ్లు పెట్టించడానికి వారం ముందే ఒక సీసాలో ట్యాంక్ నీళ్లు పోసి కాస్త ఎండు వరిగడ్డి గానీ క్యాబేజీ ఆకు గానీ వేసి వెలుతురులో పెట్టండి, నీళ్లు ముందు తెల్లబడి తర్వాత తేటపడతాయి, వెలుతురికి పట్టి చూస్తే తెల్లటి ధూళి కదులుతుంటుంది, అవే పారమీషియం లాంటి జీవులు. వాటిని డ్రాపర్‌తో రోజుకి మూడు నాలుగు సార్లు వేయండి. ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి వేసే పద్ధతి కూడా ఉంది గానీ చుక్క ఎక్కువైతే సాయంత్రానికి నీళ్లు కంపు, చివరి ఆప్షన్‌గానే పెట్టుకోండి. పదో రోజు దాటాక ఆర్టీమియా: లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, ఆర్టీమియా గుడ్ల పొడి అర చెంచా, కింద నుంచి గాలి, 28 డిగ్రీలు, ఒక రోజు. ఆరెంజ్ రంగు పిల్లల్ని వడగట్టి మంచినీళ్లలో కడిగి వేస్తే చేపపిల్లల పొట్టలు కూడా ఆరెంజ్ అవుతాయి, తింటున్నాయని రుజువు.

నీళ్లు రోజూ కొంచెం, సన్న ట్యూబ్‌తో మార్చండి. మూడు నాలుగు వారాలకి చారలొస్తాయి. ఇరుగ్గా, తిండి తక్కువగా పెరిగిన బ్యాచ్‌లో మగవి ఎక్కువొస్తాయి, కాబట్టి అన్నీ మగవే వచ్చాయంటే ముందు మీ మేత చూసుకోండి.

వంద పిల్లలొస్తే వందా ఉంచుకోలేరు, రెండడుగుల ట్యాంక్‌లో 15 దాటితే ఎక్కువ. మిగిలినవి ఫ్రెండ్స్‌కో, షాపుకో, దగ్గర్లో కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్ ఉంటే వాళ్లకో ఇవ్వండి, చాలాచోట్ల సంతోషంగా తీసుకుంటారు. ఊరి చెరువులో మాత్రం వదలొద్దు. మన దేశం చేపే కదా అనకండి, షాపు నుంచి వచ్చినవి తరాలుగా ఫార్ముల్లో పెరిగినవి, వాటితో పాటు వాటి రోగాలూ చెరువులోకి పోతాయి. ఎవరికీ ఇచ్చే దారి లేకపోతే తర్వాతి బ్యాచ్‌కి గిన్నెలో ఓ ఇరవై గుడ్లే ఉంచుకుని, మిగతావి అదే రోజు పొద్దున మళ్లీ పెద్ద ట్యాంక్‌లో వేసేయండి, ఎలాగూ వాళ్లు తినేవే.